నింద మార్కులది, లోపం మరోచోట: ఒక కన్సల్టింగ్ అభ్యర్థి కేసు

మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్‌లో, అంటే కంపెనీలకు వాటి వ్యాపార సమస్యల మీద సలహా ఇచ్చే రంగంలో, చేరాలనుకునే వాళ్లకు శిక్షణ ఇవ్వడం నా పని. అంతకుముందు కొన్నేళ్లు ఆ రంగంలోనే ఉన్నాను, అభ్యర్థులను ప్రశ్నించే కుర్చీలోనూ కూర్చున్నాను. సగటు మార్కులతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటైతే, వాళ్లకు కావలసింది ఇంకొకటి. ఈ అభ్యర్థి విషయంలో ఆ తేడా బాగా బయటపడింది కాబట్టి, ఆమె అనుమతితో రాసి పెడుతున్నాను. చదివిన చోటు, పనిచేసిన సంస్థ, చివరికి చేరిన సంస్థ పేర్లు ఇవ్వడం లేదు. ఆమె ఉద్యోగానికి సంబంధించిన అంకెలను కూడా మార్చాను.

నేపథ్యం

ఇంజనీరింగ్ పట్టభద్రురాలు. మార్కుల్లో తరగతికి నడిమధ్యన ఉండేది. మొదటి రెండేళ్లు బాగా తక్కువ, చివరి ఏడాది మెరుగు. మొత్తం సగటు మాత్రం పెద్ద సంస్థలు ఆశించే స్థాయికి దిగువనే ఆగిపోయింది. దీని వెనక చెప్పుకోదగ్గ కథేమీ లేదు. అనారోగ్యం లేదు, ఇంట్లో ఇబ్బంది లేదు. నచ్చిన సబ్జెక్టులు చదివింది, నచ్చనివి పరీక్ష ముందురోజు తిరగేసింది. మొదటి సమావేశంలోనే ఈ సంగతి దాచకుండా చెప్పింది. కారణం లేని తక్కువ మార్కులకు కారణం అల్లుకొచ్చేవాళ్లను చాలామందిని చూశాను కనుక ఆ నిజాయతీ ఈ కేసులో పనికొస్తుందని అప్పుడే అనిపించింది.

చదువు తర్వాత మూడేళ్లు ఒక వాహన విడిభాగాల తయారీ కంపెనీలో సరఫరా విభాగంలో పనిచేసింది. గోదాములో ఎంత సరుకు ఉంచాలి, ఎప్పుడు తెప్పించాలి, ఏది ఆలస్యమైతే ఉత్పత్తి ఆగిపోతుంది అన్నది ఆమె రోజూ తలమునకలయ్యే పని. ఆ పని గురించి మాట్లాడేటప్పుడు ఆమె గొంతే మారిపోయేది. రెజ్యూమెలో మాత్రం ఆ పని జాడే లేదు.

ఏ సమస్యతో వచ్చింది

పేరున్న సంస్థలు చాలావాటికి వాటి వెబ్‌సైట్ల ద్వారా దరఖాస్తు చేసింది. దాదాపు అన్నీ మర్యాదగా వద్దన్నాయి. రెండు చోట్ల మాత్రం ఇంటర్వ్యూకి పిలిచారు, ఆ రెండూ మొదటి రౌండులోనే పోయాయి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది: "కవర్ లెటర్‌లో నా మార్కుల గురించి ఒక పేరా ఎలా రాయాలో చెప్పండి. మార్కులే నన్ను అడ్డుకుంటున్నాయి."

ఆ మాటలో సగం నిజం ఉంది. పిలుపే రాని చోట్ల మార్కులు అడ్డుపడి ఉండొచ్చు. కానీ పిలిచిన ఆ రెండు సంస్థలూ మార్కులు చూసే పిలిచాయి. చూసి, పిలిచి, గంటసేపు మాట్లాడి, వద్దన్నాయి. అక్కడ కారణం మార్కులు ఎలా అవుతాయి? ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇక్కడ పూర్తిగా అతకదు. ఆమె మద్దెల నిజంగానే ఓడు. కాకపోతే మద్దెల ఓడన్న కారణంగా ఆట సంగతి ఎవరూ పట్టించుకోలేదు, ఆమెతో సహా.

అందుకని మొదటి పనిగా ఒక పట్టిక గీయించాను. ప్రతి దరఖాస్తు ఎక్కడ ఆగింది: రెజ్యూమె వడపోతలోనా, ఆన్‌లైన్ పరీక్షలోనా, మొదటి రౌండులోనా, చివరి రౌండులోనా. పట్టిక పూర్తయ్యాక ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సమస్యలు కనిపించాయి. వడపోత దాటలేకపోవడం ఒకటి. దాటిన చోట కేస్ ఇంటర్వ్యూలో, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే విప్పమనే ఇంటర్వ్యూలో, నిలవలేకపోవడం రెండోది. మొదటి దానికి మందు వేస్తే రెండోది తగ్గదు. రెండోది అలాగే ఉండగా మొదటి దాన్ని నయం చేస్తే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒకసారి తిరస్కరించిన అభ్యర్థిని చాలా సంస్థలు ఏడాదో రెండేళ్లో గడిచేదాకా మళ్లీ చూడవు. సిద్ధం కాకుండా సంపాదించిన పిలుపు ఆ సంస్థ తలుపును అంతకాలం మూసేస్తుంది. కాబట్టి ఆమెకు ఎక్కువ ఇష్టమైన రెండు సంస్థలకు అప్పటికి దరఖాస్తే చేయకూడదని నిర్ణయించాం. ఈ నిర్ణయం ఆమెకు అస్సలు రుచించలేదు.

మార్కులు ఎందుకు అడుగుతారు

ఇది తెలియకపోతే మార్కులకు బదులు ఏం చూపించాలో తెలియదు. పేరున్న కన్సల్టింగ్ సంస్థ మెకిన్సీ 1926లో మొదలైంది. తొలి దశాబ్దాల్లో కన్సల్టింగ్ అంటే ప్రధానంగా పరిశ్రమలో తల పండినవాళ్ల పని. ఆ సంస్థను నడిపిన మార్విన్ బోవర్ నాయకత్వంలో, 1950ల నుంచి, బిజినెస్ స్కూళ్ల నుంచి నేరుగా వచ్చే యువతను తీసుకోవడం అక్కడ పెరిగింది. 1963లో బీసీజీ, 1973లో బెయిన్ అనే మరో రెండు పెద్ద సంస్థలు పుట్టేనాటికి ఆ బాట పడిపోయింది. పాతికేళ్ల వ్యక్తిని తీసుకునేటప్పుడు చూడటానికి అనుభవం ఉండదు. చదివిన చోటు, వచ్చిన మార్కులు ఉంటాయి. త్వరగా నేర్చుకుంటాడా, అంకెలతో తడబడకుండా ఉంటాడా, ఇష్టం లేని పనిని కూడా చివరిదాకా లాగుతాడా అన్న మూడు ప్రశ్నలకు మార్కులు చవకగా దొరికే జవాబు. వేలకొద్దీ దరఖాస్తులు వచ్చే చోట చవకగా దొరికే జవాబుకే గిరాకీ.

దీన్నుంచి రెండు సంగతులు తేలుతాయి. అనుభవం చూసి తీసుకునే ద్వారం ఇంకా ఉంది, అక్కడ మార్కుల బరువు తగ్గుతుంది. విద్యార్థుల ద్వారం గుండానే వెళ్లేవాళ్లు మాత్రం ఆ మూడు ప్రశ్నలకూ వేరే రుజువు పట్టుకెళ్లాలి. వివరణ రుజువు కాదు. ఆమె అడిగిన పేరా గురించి నా అభ్యంతరం ఇదే.

ప్రయత్నించి వదిలేసినవి

అయినా ఆమె పట్టుబట్టింది. పెద్దగా ఆశ లేని ఒక దరఖాస్తులో ఆ పేరా పెట్టి చూద్దామన్నాను. పేరా బాగానే రాసింది, పిలుపు రాలేదు. ఒక్క దరఖాస్తుతో ఏదీ రుజువు కాదు కాబట్టి ఫలితాన్ని పక్కన పెట్టి, ఆ ఉత్తరాన్ని ఆమె చేతే గట్టిగా చదివించాను. ఒక పేజీ ఉత్తరంలో అన్నిటికంటే శ్రద్ధగా రాసిన వాక్యాలు ఆమె బలహీనత గురించినవి. చదివేవాళ్ల కంటికి ఆనకపోయే అవకాశం ఉన్న దాన్ని తనే వేలు పెట్టి చూపించింది. చదవడం ముగిశాక నేనేమీ అనలేదు, తనే కొట్టేసింది.

తర్వాత ఆన్‌లైన్ సర్టిఫికెట్లు. నేను చూసేసరికే వ్యూహం, డేటా విశ్లేషణ, ప్రాజెక్టు నిర్వహణ అంటూ రెజ్యూమె అడుగున బారులు తీరి ఉన్నాయి. డబ్బు కట్టి పూర్తిచేసిన ప్రతివారికీ వచ్చే కాగితం ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. నేర్చుకోవడానికి అవి మంచివే, తప్పు లేదు. ఒక్కటి ఉంచి మిగతావి తీసేయించాను.

మూడోది సిఫారసుల వేట. ఆయా సంస్థల్లో పనిచేసే అపరిచితులకు లింక్డ్‌ఇన్‌లో ఒకే మూసలో సందేశాలు పంపేది: తన పరిచయం నాలుగు వాక్యాలు, చివర రెఫరల్ ఇవ్వగలరా అన్న ప్రశ్న. జవాబులు దాదాపు రాలేదు. రెఫరల్ ఇచ్చే మనిషి తన పేరును పణంగా పెడతాడు. ముఖం చూడని, పని తెలియని వ్యక్తి కోసం ఆ పని చేసేవాళ్లు అరుదు, చేసినా ఆ రెఫరల్‌కు బరువుండదు.

ఎంబీఏ గురించి మాత్రం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. మంచి బిజినెస్ స్కూలు పాత మార్కులను చాలావరకు వెనక్కి నెడుతుంది, కన్సల్టింగ్ సంస్థలు క్యాంపస్‌కే వస్తాయి. ఇది నిజమైన దారి, చాలామందికి సరైన దారి కూడా. కానీ ఒకటి రెండేళ్ల జీతం వదులుకోవాలి, ఫీజు కోసం అప్పు చేయాలి, అదంతా చేసి వెళ్లినా అక్కడా ఎదురయ్యేది అదే కేస్ ఇంటర్వ్యూ. తన రెండో సమస్య నయం కాకుండా ఎంబీఏకి వెళితే ఆమె అప్పుతో అదే గోడ ముందు నిలబడుతుంది. కాబట్టి ఎంబీఏని చేతిలో ఉంచుకుని, దానికి రాయాల్సిన జీమ్యాట్ ప్రవేశ పరీక్ష మాత్రం ఇప్పుడే రాయమన్నాను. ఆ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, ఎంబీఏ దారి తెరిచే ఉంటుంది. అసలు ప్రయోజనం వేరే ఉంది: అంకెలతో తడబడకుండా ఉంటుందా అన్న ప్రశ్నకు అది తాజా జవాబు. పద్దెనిమిదేళ్ల వయసులో తెచ్చుకున్న మార్కులకు ఎదురుగా పాతికేళ్ల వయసులో తెచ్చుకున్న స్కోరు నిలబడుతుంది. గణితంలో స్కోరు బాగా వచ్చింది, రెజ్యూమెలో డిగ్రీ కిందనే ఒక పంక్తిగా పెట్టాం.

వడపోత: ఏది పనిచేసింది

డిగ్రీ మార్కులు రెజ్యూమెలో రాయాలా వద్దా అన్నది అందరూ అడిగే ప్రశ్న. నేను పాటించే పద్ధతి ఇది. దరఖాస్తు ఫారం అడిగితే ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి, దశాంశాన్ని కూడా పైకి సవరించకూడదు. ఉద్యోగం ఖాయమయ్యాక ధ్రువపత్రాలు సరిచూస్తారు, అక్కడ తేడా కనిపిస్తే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. ఫారం అడగని చోట, మూడేళ్ల అనుభవం ఉన్న వ్యక్తి మార్కులు రాయకపోయినా తప్పు లేదు. రాయకపోతే తక్కువనే అనుకుంటారని ఆమె వాదించింది. అనుకోవచ్చు. అయితే ఎంత తక్కువో తెలియదు, ఈలోగా కన్ను పైనున్న అనుభవం మీద పడుతుంది. కాబట్టి చదువును పేజీ అడుగుకు దించి, పనిని పైకి తెచ్చాం.

పని గురించి ఆమె పాత రెజ్యూమెలో ఉన్న వాక్యం ఇది: "సరఫరా గొలుసు కార్యకలాపాల మెరుగుదలలో కీలక పాత్ర పోషించాను." ఏం చేశావని అడిగితే అరగంట చెప్పింది. అందులోంచి తేలిన వాక్యం: "4,000 రకాల విడిభాగాలను వాడకం వేగాన్ని బట్టి మూడు తరగతులుగా విడదీసి, నెమ్మదిగా కదిలే సరుకు ఆర్డర్లను తగ్గించడం ద్వారా నిల్వ విలువను 18 శాతం తగ్గించాను, ఆ కాలంలో సరుకు లేక ఉత్పత్తి ఆగిన సందర్భాలు పెరగలేదు." చివరి ముక్కను చేర్చమన్నది నేనే. నిల్వ తగ్గించడం ఎవరైనా చేయగలరు, కొనడం మానేస్తే చాలు. దానికి మూల్యం ఏమైనా చెల్లించారా అన్నది అనుభవం ఉన్న కన్సల్టెంట్ వెంటనే అడుగుతాడు. అడగకముందే జవాబు పేజీ మీద ఉంటే, ఈ మనిషి మాలాగా ఆలోచిస్తుందని అతనికి తోస్తుంది. ఆ ఒక్క వాక్యానికి మేం వెచ్చించిన సమయం మిగతా రెజ్యూమె అంతటికీ వెచ్చించలేదు.

ఇక లక్ష్యాలు. కన్సల్టింగ్ అంటే మెకిన్సీ, బీసీజీ, బెయిన్ అనే మూడే సంస్థలన్న భ్రమలో ఆమె ఉంది. వ్యూహ సంస్థలు కొన్ని పెద్ద ఆడిట్ సంస్థల గొడుగు కిందికి చేరాయి: 2013లో మానిటర్ డెలాయిట్‌లోకి, 2014లో బూజ్ పీడబ్ల్యూసీలోకి వెళ్లి "స్ట్రాటజీ అండ్" (Strategy&) అనే పేరుతో, అదే ఏడాది పార్థెనాన్ ఈవైలోకి. ఇవి కాక కార్యకలాపాలకే పరిమితమైన మధ్యస్థాయి సంస్థలూ, ఒకే పరిశ్రమ మీద పనిచేసే చిన్న సంస్థలూ ఉన్నాయి. గోదాము నిల్వల గురించి తెలిసిన మనిషి వీటిలో చాలాచోట్ల మొదటి వారం నుంచే పనికొస్తుంది. సాధారణ విద్యార్థుల బృందంలో ఆమె సగటు అభ్యర్థి. సరఫరా వ్యవహారాల బృందం ముందు నిలబడితే, అక్కడికి రావడానికి ఆమెకున్న కారణం వేరెవరికీ లేదు. దరఖాస్తుల సంఖ్య బాగా తగ్గించి, ఆ బృందాలున్న చోట్లకే పంపాం.

పరిచయాల పద్ధతీ మారింది. రెఫరల్ మాట ఎత్తకుండా, పని గురించి ఒక నిర్దిష్టమైన ప్రశ్న అడిగే సందేశాలు కొద్దిమందికే పంపింది. అలా మాటలు కలిసినవాళ్లలో ఒక మేనేజర్ ఉన్నారు. విడిభాగాల గిరాకీని ముందుగా అంచనా వేయడం ఎందుకు అంత కష్టమన్న చర్చ వాళ్ల మధ్య సాగింది. రెండు రోజుల తర్వాత ఆమె ఆ చర్చ మీద ఒక పేజీ రాసి పంపింది: అప్పుడప్పుడూ మాత్రమే అమ్ముడయ్యే భాగాలకు సగటు చూసి నిల్వ ఉంచితే ఎలా దెబ్బతింటామో తన అనుభవంలోని ఒక ఉదాహరణతో. రెజ్యూమె పంపమని ఆయనే అడిగారు. ఇలాంటివి ప్రతిసారీ ఫలించవు. ఫలించినప్పుడు మాత్రం ఆ సిఫారసు వెనక ఒక రుజువు ఉంటుంది.

కేస్ ఇంటర్వ్యూ: అసలు లోపం

మొదటి సాధనలోనే అసలు సంగతి బయటపడింది. నేనిచ్చిన ప్రశ్న: ఒక పార్సిల్ రవాణా కంపెనీకి పార్సిళ్లు ఏడాదిలో 10 లక్షల నుంచి 12 లక్షలకు పెరిగాయి, లాభం మాత్రం తగ్గింది. ఎందుకు?

ఆమె పుస్తకాల్లో కనిపించే చట్రాన్ని తెచ్చింది: ఆదాయం, ఖర్చు, పోటీదారులు, మార్కెట్. వరుసగా ఒక్కోదాని గురించి సమాచారం అడిగింది. మొత్తం ఖర్చు చెప్పాను. పార్సిల్‌కు సగటు ఖర్చు లెక్కగట్టింది: పోయినేడు 71.2, ఈ ఏడు 72.5. "ఖర్చు పెరిగింది, కాబట్టి ఖర్చు తగ్గించాలి" అని తేల్చేసింది. ఇంధనమా, జీతాలా అని కారణాలు వెతకడం మొదలుపెట్టింది.

నిజానికి ఏ ఖర్చూ పెరగలేదు. ఆ కంపెనీకి రెండు రకాల పార్సిళ్లున్నాయి. సంస్థల మధ్య వెళ్లేవి: ధర 100, ఖర్చు 70, మిగిలేది 30. ఇళ్లకు చేర్చేవి: ధర 80, ఖర్చు 76, మిగిలేది 4. పోయినేడు మొదటి రకం 8 లక్షలు, రెండో రకం 2 లక్షలు. లాభం 240, 8 కలిపి 248 లక్షలు. ఈ ఏడు మొదటి రకం 7 లక్షలకు తగ్గింది, రెండోది 5 లక్షలకు పెరిగింది. లాభం 210, 20 కలిపి 230 లక్షలు. ధరలు మారలేదు, ఖర్చులు మారలేదు. మారింది పార్సిళ్ల మిశ్రమం. కాబట్టి అడగాల్సింది ఇంధనం గురించి కాదు, ఎక్కువ మిగిల్చే ఆ లక్ష పార్సిళ్లు ఎక్కడికి పోయాయన్నది.

ఆమె లెక్కలో తప్పు లేదు. సగటు నమ్మదగినదేనా అని అడగకపోవడమే లోపం. విచిత్రమేమిటంటే, తన ఉద్యోగంలో ఆమె రోజూ చేసే పనే ఇది. నాలుగు వేల భాగాలను కలగలిపి చూడకుండా మూడు తరగతులుగా విడదీసింది తనే. ఇంటర్వ్యూ గదిలోకి రాగానే ఆ తెలివిని బయట వదిలేసి, కంఠస్థం చేసిన చట్రాన్ని వెంట తెచ్చుకుంది. ఎందుకని అడిగితే ఆమె ఇచ్చిన జవాబు నాకు ఈ కేసంతటిలో విలువైనది: "మార్కులు తక్కువ కదా, పద్ధతి ప్రకారం చేస్తేనే నమ్ముతారనుకున్నాను." మార్కుల బెంగ వడపోత దాటి గదిలోకి కూడా వచ్చి కూర్చుంది. పిలిచిన రెండు చోట్లా ఆమెను ఓడించింది ఇదేనని నా అంచనా.

అక్కణ్నుంచి సాధన పద్ధతి మార్చాం. చట్రాలు పూర్తిగా మాన్పించాను. ప్రతి ప్రశ్ననూ ముందు తన గోదాములో ఎదురైనట్టు ఊహించి, అక్కడైతే మొదట ఏం చూస్తావో చెప్పమనేవాణ్ని. ఏ సమాచారం అడిగినా, దేన్ని తేల్చుకోవడానికి అడుగుతున్నావో ముందు చెప్పాలన్నది ఇంకో నియమం. మొదట్లో ఇది ఆమె వేగాన్ని తగ్గించింది, మౌనాలు పెరిగాయి. కొంతకాలానికి ప్రశ్నలు తగ్గి పదునెక్కాయి. సగటు కనిపించగానే "ఇది దేనిదేనికి సగటు?" అని అడగడం అలవాటైంది. మెకిన్సీ తరహాలో ప్రశ్నించేవాళ్లే నడిపే కేసులూ, అభ్యర్థి తానే నడపాల్సిన కేసులూ రెండూ సాధన చేయించాను. ఆమెకు రెండో రకం మొదటి నుంచీ సుళువుగానే పట్టుబడింది.

మార్కుల ప్రశ్న ఎదురైతే చెప్పాల్సిన జవాబు చివర్లో తయారుచేశాం: "మొదటి రెండేళ్లు నచ్చిన వాటి మీదే శ్రద్ధ పెట్టాను, అది మార్కుల్లో కనిపిస్తుంది. చివరి ఏడాది, ఉద్యోగంలో చేసిన పని, జీమ్యాట్ స్కోరు చూస్తే ఇప్పుడు నేను ఎలా పనిచేస్తానో తెలుస్తుంది." అంతే, అక్కడ ఆగిపోవాలి. ఆగడమే ఆమెకు కష్టమైంది. సాధనలో ప్రతిసారీ ఇంకో వాక్యం జోడించబోయేది, ఆ వాక్యంతోనే జవాబు సంజాయిషీగా మారిపోయేది.

ఫలితం

సరఫరా, కార్యకలాపాల మీద పనిచేసే ఒక మధ్యస్థాయి సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఆమె మొదట కలగన్న సంస్థ కాదు. అనుభవాన్ని బట్టి ఆశించిన దానికంటే ఒక మెట్టు కింది హోదా. ఆ హోదాకు ఒప్పుకోవాలా అన్నదాని మీద రెండు అభిప్రాయాలు ఉండొచ్చు. చేసే పని, నేర్చుకునే అవకాశం చూసి ఒప్పుకోమని నేనే చెప్పాను. తుది రౌండులో మార్కుల ప్రశ్న వచ్చింది. రెండు వాక్యాలు చెప్పి ఆగింది, అవతలివాళ్లు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. మేనేజర్ ద్వారా పంపిన దరఖాస్తు ఇంటర్వ్యూ దాకా వెళ్లి మొదటి రౌండు దాటింది, రెండో రౌండులో ఆగింది. దరఖాస్తు చేయకుండా ఆపిన ఆ రెండు సంస్థల ద్వారాలు ఇప్పటికీ తెరిచే ఉన్నాయి.

ఈ కేసు ఎంతవరకు వర్తిస్తుంది

ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. రెజ్యూమె, జీమ్యాట్, లక్ష్యాల మార్పు దాదాపు ఒకే కాలంలో జరిగాయి. వడపోత దాటడంలో నా ఓటు లక్ష్యాల మార్పుకు, తర్వాత ఆ ఒక్క వాక్యానికి. జీమ్యాట్ స్కోరు గురించి ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. ఆమె ధైర్యానికి మాత్రం పనికొచ్చింది.

ఆమెకు మూడేళ్ల పని ఉంది. అవే మార్కులతో చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థికి ఈ దారి తిన్నగా దొరకదు. ఆ విద్యార్థికి నేను చెప్పేది: ముందు అంకెలతో తలపడే ఉద్యోగం ఒకటి చూసుకోమని, అందులో తన చేతుల మీదుగా మారిన అంకెను మొదటి రోజు నుంచీ రాసి పెట్టుకోమని. చిన్న కన్సల్టింగ్ సంస్థల్లో ఇంటర్న్‌షిప్ దొరికితే ఇంకా మంచిది, అక్కడ వడపోత యంత్రంలా సాగదు, మనిషి చదువుతాడు. ఆన్‌లైన్ పరీక్షలున్న సంస్థలనూ వదలొద్దంటాను. మెకిన్సీ సాల్వ్ ఆట, బీసీజీ కేసీ చాట్‌బాట్ లాంటివి డిగ్రీతో సంబంధం లేని కొత్త స్కోరు ఇస్తాయి. అయితే అవి కూడా వడపోతలో భాగమే, మార్కులను పూర్తిగా చెరిపేస్తాయని ఎవరికీ మాట ఇవ్వలేను.

ఈ కేసు తర్వాత నా దగ్గరికొచ్చే ప్రతివారితోనూ మొదట ఆ పట్టికే గీయిస్తున్నాను. దరఖాస్తులన్నీ వడపోతలోనే ఆగితే మార్కుల గురించి మాట్లాడతాం. ఒక్కటైనా ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉంటే ముందు దాని గురించే మాట్లాడతాం: ఆ గదిలో ఏ ప్రశ్న అడిగారు, నువ్వు మొదట ఏమన్నావు.